అమ్మమ్మ నడుముకి ఇనప పట్టీ

ఓరియాక్,
అక్టోబరు 1956

షదెలాక్ కోట యజమానురాలు శ్రీమతి సిదోనీ ద షదెలాక్ గారి సముఖమునకు,

జిల్లా పాత కట్టడాల కార్యాలయం నుంచి ఇన్‌స్పెక్టరు ఆన్సెల్మ్ తూర్నాద్ తెలియజేయునది ఏమనగా, మా కార్యాలయం ఈ కొండ ప్రాంతపు కోటల నిర్మాణ చరిత్రను సిద్ధం చేస్తున్నది. తమ కోట గురించి మా బీరువాలో ఉన్నదల్లా వెనకటి ఉద్యోగి ఎవరో గీసిన ఒక బొమ్మ. అందులోనూ సగం ఎలుకల పాలైంది. కనుక తమ కోటలో అందరికంటే, క్షమించాలి, అన్నిటికంటే వయసు మీరినది ఏది, ప్రస్తుతం దాని పరిస్థితి ఎలా ఉన్నది, ఎటువంటి సంరక్షణ జరుగుతున్నది అన్న వివరాలు తెలుపగలరు.

కోట రక్షణకు తగినదని తేలినచో కప్పు మరమ్మతు ప్రభుత్వమే చేయిస్తుంది.

ఇట్లు,
కార్యాలయ విధుల్లో తమ విధేయుడు,
ఆ. తూర్నాద్

తా.క. జవాబు క్లుప్తంగా ఉండవలెను. కుటుంబ విషయాలు అవసరం లేదు.


షదెలాక్,
అక్టోబరు నెలాఖరు

మొస్యూ తూర్నాద్ గారికి సిదోనీ నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. కవరు మీద ప్రభుత్వ ముద్ర చూసి మా పోస్టుమాన్, నన్ను జైల్లో పెడతారేమో, తెలుసుకుని పోదామని ఒక గ్లాసు వాల్‌నట్ వైను తాగేదాకా కదల్లేదు. కప్పు సంగతి అని చెప్పాక నిరాశగా వెళ్ళిపోయాడు.

కప్పు మాట మీరే ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. పెద్ద హాలు కప్పు ఈ చలికాలం గట్టెక్కుతుందో లేదో తెలియదు. ఫిర్మెన్ అని మా కౌలుదారు, మా ఆవుల్నీ గోడల్నీ రెంటినీ తనే చూసుకుంటాడు, ఆ హాల్లోకి వెళ్ళేటప్పుడు టోపీ తీయడం మానేశాడు. పైనుంచి పలకరాళ్ళు రాలే చోట మర్యాద ఎందుకమ్మగారూ అంటాడు.

ఇక మీరడిగింది. ఇక్కడ అందరికంటే పెద్దది ఎవరంటే అందులో అనుమానమేముంది, అమ్మమ్మే. నేను పెళ్ళై ఈ ఇంటికొచ్చేసరికే ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. ఏడాదికేడాది ఇంకా ఒరుగుతోంది. పడిపోతుందేమోనని భయమేసి నడుం చుట్టూ ఇనప పట్టీ బిగించి, గొలుసుతో ఎదురుగా ఉన్న రాతికి కట్టేశాం. అప్పట్నుంచి కాస్త నిలకడగా ఉంది. వాన నీళ్ళు నెత్తిలోంచి దిగి కాళ్ళ దాకా కారతాయి. బయటే ఉంటుంది కదా, ఏం చేస్తాం. వేసవి రాగానే ఫిర్మెన్ నిచ్చెనేసుకుని ఎక్కి నెత్తిమీద మొలిచిన గడ్డీ గాదం పీకేస్తాడు. కాకులు మాత్రం ఆవిణ్ణి వదలవు. లోపలంతా బంగాళాదుంపలు నింపుతాం, చలికాలానికి.

ఇంతకంటే క్లుప్తంగా రాయడం నాకు చేతకాదు.

మీ ఆరోగ్యం కోరే,
సిదోనీ

తా.క. కుటుంబ విషయాలు వద్దన్నారని మామయ్య సంగతి రాయలేదు. గోడకి వేలాడుతూ ఉంటాడు. ఆ పక్కకి గాలి వీచినప్పుడు మేం అటు వెళ్ళం.


ఓరియాక్,
నవంబరు 1956

మదామ్,

తమ ఉత్తరం మొదటి పేజీ చదివి రెండో పేజీ తిప్పలేకపోయాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో కోటల్లో రకరకాల ఘోరాలు చూశాను. అవన్నీ ఎప్పుడో చనిపోయినవాళ్ళు చేసినవి. బతికున్న వృద్ధురాలి నడుముకి ఇనప పట్టీ బిగించి, ఆరుబయట వానలో గొలుసుతో కట్టేశామని స్వదస్తూరీతో ప్రభుత్వానికి రాసినవారు తమరొక్కరే.

నేను కట్టడాల మనిషిని. మనుషుల వ్యవహారంలో తలదూర్చడం నా పని కాదు. అయినా మనసు ఊరుకోక జిల్లా ఆరోగ్య శాఖకి తెలియపరిచాను. వాళ్ళ నర్సు మదామ్ పుజోల్ ఈ వారంలోనే వస్తుంది. ఆవిడకి అడ్డు చెప్పవద్దు.

ఇట్లు,
కలవరపాటుతో,
ఆ. తూర్నాద్

తా.క. నర్సు వచ్చేలోగా దయచేసి ఆ తల్లిని ఇంట్లోకి తీసుకువచ్చి వేడిగా ఏదైనా పట్టండి. ఆ బంగాళాదుంపల సంగతి నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలనీ లేదు.


షదెలాక్,
నవంబరు

మొస్యూ తూర్నాద్ గారికి,

మీ మనసు ఎంత మంచిదో ఇవాళ మా ఊరంతటికీ తెలిసింది. మదామ్ పుజోల్ వచ్చి వెళ్ళింది. కళ్ళజోడు కనబడక మీ ఉత్తరంలో నర్సు వస్తుందన్న ముక్క ఒక్కటే కూడబలుక్కున్నాను. మీ ఆఫీసులో ఇంజనీరుని నర్సు అంటారు కాబోలు, ఎన్ని మార్పులొచ్చాయో అనుకుని నేను నిచ్చెన కూడా సిద్ధం చేసి ఉంచాను.

పాపం వానలో కొండదారిన సైకిలు తొక్కుకుంటూ వచ్చింది ఆ పిల్ల. దిగీ దిగగానే, ముఖం గంటు పెట్టుకుని,

"పేషెంటు ఎక్కడ?" అంది.

"ఏ పేషెంటమ్మా?"

"బుకాయించకండి. మీ అమ్మమ్మ."

"ఎదురుగానే ఉంది కదా."

"ఏదీ? నాకెవరూ కనబడటం లేదే!"

"నువ్వు సైకిలు ఆనించింది ఆవిడకేనమ్మా" అన్నాను.

ఆ పిల్ల తల ఎత్తి చూసింది. ఇంకా ఎత్తి చూసింది. టోపీ జారి బురదలో పడింది. బురుజు పైదాకా చూసి, నడుముకున్న ఇనప పట్టీ చూసి, మీరు వాళ్ళ శాఖకి రాసిన ఉత్తరం బ్యాగులోంచి తీసి మళ్ళీ చదువుకుని, అక్కడే రాతిమీద కూలబడి నవ్విందండీ, నవ్వి నవ్వి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. నీళ్ళు తాగించడానికి వంటింట్లోకి తీసుకెళ్ళాల్సి వచ్చింది. అప్పుడు మీ ఉత్తరం నాకూ చదివి వినిపించింది. ఇద్దరం కలిసి నవ్వుకున్నాం.

మొస్యూ, మా ఇంట్లో గుండ్రటి బురుజుని అమ్మమ్మ అంటాం. అందరూ అలాగే అంటారు కాబట్టి చెప్పాలని తోచలేదు. మామయ్య అంటే పై అంతస్తులో గోడకి బయటికి కట్టిన పాత మరుగుదొడ్డి. ఎందుకా పేరు పెట్టారో మా మామగారి తమ్ముణ్ణి చూసినవాళ్ళకి తెలుసు.

రాయి కోసం ఎవరూ ఇంత బాధపడరు. ఎవరో తెలియని ముసలమ్మ అనుకుని మీరు బాధపడ్డారు. అందుకని మీమీద నాకు కోపం లేదు.

మీ శ్రేయోభిలాషి,
సిదోనీ

తా.క. మదామ్ పుజోల్ అమ్మమ్మ కోసం తెచ్చిన సూది మందు ఊరికే పోతుందని, పక్కనే నిలబడి దగ్గుతున్న ఫిర్మెన్‌కి పొడిచేసి వెళ్ళింది. వాడికి దగ్గు తగ్గింది కానీ కూర్చోలేకపోతున్నాడు. మీ ఆఫీసు వాళ్ళు మళ్ళీ జాలిపడేటప్పుడు ముందుగా ఒక ముక్క రాయమని చెప్పమన్నాడు.


ఓరియాక్,
డిసెంబరు 1956

మదామ్ గారికి,

ఏ ముఖం పెట్టుకుని రాయాలో తెలియక ఇన్నాళ్ళు ఆలస్యం చేశాను. ఆఫీసులో అడుగు పెడితే చాలు, గుమాస్తా దగ్గర్నుంచి అందరూ "అమ్మమ్మకి ఎలా ఉందండీ?" అని పలకరిస్తున్నారు. ఫిర్మెన్ గారికి నా తరఫున క్షమాపణ చెప్పండి.

ఇక అసలు విషయం. ఆ తర్వాత తమరు విడిగా పంపిన కోట ఫోటోలు పరిశీలించాను. కోట మంచి కాలం నాటిది. కమిషను ముందు పెడితే కప్పుకి అనుమతి దొరుకుతుందనే నా నమ్మకం. ఒక్కటే అడ్డంకి. తర్వాతి తరాల వారు ఇష్టమొచ్చినట్టు చేర్చినవాటిని తొలగించి, కోటని దాని స్వచ్ఛమైన రూపానికి తేవాలి. పెద్ద హాలు గోడని చీల్చి పెట్టిన ఆ వెడల్పాటి కిటికీ పూడ్చాలి. దక్షిణం గోడకి కొట్టిన ఆ తలుపూ అంతే. అన్నిటికంటే ముఖ్యం, తూర్పు వైపు కోట కాలికి పులిపిరిలా అంటుకుని ఉన్న వంటిల్లు. దానికి ఒక శైలి అంటూ లేదు. దాన్ని పడగొట్టాల్సి ఉంటుంది. ఈ మూడూ ఒప్పుకుంటే కప్పు పని వేసవిలో మొదలుపెట్టిస్తాను.

మంచి వార్త చెప్పగలిగినందుకు సంతోషిస్తూ,
ఆ. తూర్నాద్

తా.క. నా భార్య ఉన్నప్పుడు, నీ ఉత్తరాలు పోస్టులో వేసేముందు ఎవరికైనా చదివి వినిపించు ఆన్సెల్మ్, మనుషులు నొచ్చుకుంటారు అనేది. ఇప్పుడు చదివి వినిపించడానికి ఇంట్లో ఎవరూ లేరు. ఇందులో నొచ్చుకునేది ఏమీ లేదనే అనుకుంటున్నాను.


షదెలాక్,
జనవరి 1957

తూర్నాద్ గారికి,

ఉంది.

నొచ్చుకునేది ఉంది. పైనుంచి కింద దాకా అదే ఉంది.

గోడని చీల్చి పెట్టారని మీరన్న కిటికీ మా ఆయన ఒక్తావ్ మేనత్త ఒరేలీ కోసం పెట్టింది. పెళ్ళి కుదిరిన ఏడాదే జ్వరమొచ్చి ఆవిడ కాళ్ళు పడిపోయాయి. బాణాలు వేయడానికి పెట్టిన సందులోంచి ఆకాశం చూసుకుంటూ పడుకునేది. అన్నగారు చూడలేకపోయాడు. అంత మందాన గోడని, పనివాళ్ళని పెట్టకుండా, కోతలు అయ్యాక రోజూ తనే కొడుతూ వచ్చాడు. కిటికీ తెరుచుకున్నాక ఆవులు కొండమీదికి వెళ్ళడమూ రావడమూ ఆవిడ కళ్ళముందే. ప్రతిదాన్నీ పేరుపెట్టి పిలిచేది. ఆవిడ పలకరిస్తే తప్ప ఆవులు ముందుకి కదిలేవి కావట. ఆవిడ పోయాక కూడా ఆ కిటికీ కింద ఆగి, తలెత్తి చూసి మరీ వెళ్ళేవట. ఇది ఏ శైలో మీరే చెప్పండి.

తలుపు నేను కొట్టించింది. ఒక్తావ్ యుద్ధం నుంచి వచ్చేటప్పటికి ఒక కాలు వంగదు. హాల్లోంచి పెరట్లోకి రావాలంటే మెలికల మెట్లు దిగాలి. పట్టుకుంటానంటే కసురుకునేవాడు. ఒకరోజు మెట్లమీద కూర్చుని, నేను చూడ్డం లేదనుకుని, ఏడుస్తున్నాడు. మర్నాడే ఫిర్మెన్ వాళ్ళ నాన్నని పిలిచి, బయట కొండనేల హాలు ఎత్తుకే ఉన్న పక్క, తిన్నగా గోడకి తలుపు పెట్టించాను. తరతరాల గోడ పాడుచేశావని కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒక పొద్దున ఆ తలుపులోంచి బయటికెళ్ళి, పెరడంతా తిరిగి, లోపలికొచ్చి, "ఈ తలుపు కింద రాసుకుంటోంది సిదోనీ" అన్నాడు. మా ఆయన జన్మలో నాకు చెప్పిన కృతజ్ఞత అది.

ఇక పులిపిరి. అయ్యా, నేను కాపురముంటున్నది ఆ పులిపిరిలోనే. అమ్మమ్మలో తడి, హాల్లో గాలి, మిగతా గదుల్లో గుడ్లగూబలు. నా మంచం పొయ్యి పక్కనే ఉంది.

కప్పు కావాలంటే ఇల్లు వదులుకోమన్నారు. మీరు ఫోటోలు చూసి రాశారు. మంచు కరిగాక ఒకసారి కళ్ళతో చూసి రాయండి. అప్పటిదాకా మా గోడల్ని స్వచ్ఛం చేయకండి.

సెలవు,
సిదోనీ ద షదెలాక్

తా.క. మీ తాజాకలం ముందు చదివి, మిగతాది తర్వాత చదివాను. అందుకే ఈ ఉత్తరం ఇంత మెత్తగా వచ్చింది. మీ ఆవిడ పేరేమిటి?

ఇంకో తా.క. ఫిర్మెన్ ఒక మాట రాయమన్నాడు. "ఆ దొరగారికి మీసాలున్నాయా అమ్మగారూ? ఉంటే అవీ తర్వాత చేర్చినవే కదండీ. పుట్టినప్పుడు ఉండవు కదా. ముందు అవి తొలగించుకోమనండి."


ఓరియాక్,
మార్చి 1957

మదామ్ సిదోనీ గారికి,

మా ఆవిడ పేరు లియొంతీన్. అడిగినవారు మీరొక్కరే.

నేను మీ దగ్గరికి వచ్చి వెళ్ళినప్పుడు జరిగింది మీకు తెలిసిందే అయినా, ఫైలు కోసం వరసగా రాయక తప్పదు.

నేను టేపు, నోటుపుస్తకం తీసి వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. మీరు గరిటె చేత్తో పట్టుకుని, "ముందు తినండి. ఖాళీ కడుపుతో చూస్తే ఏ గోడైనా వంకరగానే కనిపిస్తుంది" అన్నారు. నేను డ్యూటీలో ఉన్నానన్నాను. "సూపు కూడా డ్యూటీలోనే ఉంది, చల్లారిపోతుంది" అన్నారు. కూర్చున్నాను. క్యాబేజీ, ఉప్పు మాంసం, రై రొట్టె. రెండోసారి వడ్డించుకుంటుండగా, ఆవిరికో ఏమో, తలమీద గోడనుంచి ఒక సున్నపు పెచ్చు ఊడి నా పళ్ళెంలో పడింది.

"ఎముక పడినట్టుంది దొరగారూ, పక్కన పెట్టుకుని కానివ్వండి" అన్నారు ఫిర్మెన్ గారు.

నేను తలెత్తి చూశాను. పెచ్చు ఊడినచోట రాళ్ళు అడ్డంగా లేవు. చేప ముల్లులా ఒక వరస ఇటు, ఒక వరస అటు వాలి ఉన్నాయి. నేను కుర్చీ ఎక్కి చేతిలో ఉన్న చెంచాతో ఇంకొంచెం గీకాను. ఇంకొంచెం. మీరు, "అయ్యో, అది మా అత్తగారి చెంచా!" అంటున్నారు. నాకు వినబడుతోంది కానీ ఆగలేకపోయాను.

ఆ పద్ధతిలో గోడ కట్టడం మానేసి దాదాపు వెయ్యేళ్ళు. మీ పొయ్యి చుట్టూ నాలుగు పక్కలా అదే గోడ. హాలు గోడ వచ్చి దీనికి ఆనుకుంది కానీ ఇది దానికి ఆనుకోలేదు. మొదటి షదెలాక్ దొర ఎవరో గానీ, వండుకున్నదీ తిన్నదీ పడుకున్నదీ ఆ ఒక్క గదిలోనే. మిగతాదంతా ఆయన పిల్లలూ మనవలూ తర్వాత కట్టుకుంటూ పోయారు. కోటకి వంటిల్లు చేర్చారని రాశాను. పొరపాటు. వంటింటికి కోటని చేర్చారు మదామ్.

అమ్మమ్మ గురించి కూడా ఒక మాట. కింది అంతస్తులో బంగాళాదుంపల బస్తాలు జరిపించి పైకి చూశాను. దూలాలు రైలు పట్టాలు. కోటల మీద దండయాత్రలు జరిగే రోజుల్లో మన జిల్లాకి రైలు రాలేదని నా అభిప్రాయం. మీ ఆయన తాతగారు పాతకాలం మోజుతో కట్టించి, పాతదని అందరికీ చెప్పుకుని ఉంటారు.

ఇకపోతే ఇంత అపురూపమైన గది దొరికాక నిబంధన ఒకటి ఉంది. రక్షిత గదిలో నిప్పు రాజేయకూడదు. వంట చేయకూడదు. ఎవరూ పడుకోకూడదు. కిటికీ ఉన్న హాల్లోకి మీరు మారడానికి నేను దగ్గరుండి ఏర్పాట్లు చేయిస్తాను.

ఎంతో ఉత్సాహంతో,
మీ తూర్నాద్

తా.క. మీసాలు తీసేశాను. కింద ఉన్న ముఖం నేననుకున్నదానికంటే పాతకాలం నాటిది. ఫిర్మెన్ గారికి చెప్పండి, మరమ్మతుకి లొంగదు.


షదెలాక్,
మార్చి

తూర్నాద్ గారూ,

ఆ వంటిల్లు పాతది కాదు. బొత్తిగా కొత్తది. మా మామగారు ఒక ఆదివారం తాగి కట్టారు. ఆయనకి చేపలంటే ఇష్టం, అందుకే రాళ్ళు అలా పేర్చారు. ఫిర్మెన్ సాక్ష్యం చెబుతానంటున్నాడు. వాడప్పటికి పుట్టలేదు, అయినా చెబుతానంటున్నాడు. దానికి ఒక శైలి అంటూ లేదని మీరే మీ చేత్తో రాశారు, ఆ కాగితం నా దగ్గర భద్రంగా ఉంది.

మీరు నవ్వుకుంటారని తెలుసు. నాకు నవ్వు రావడం లేదు.

నేను కొత్త కోడలిగా వచ్చిన సాయంత్రం మా అత్తగారు నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది కోట చూపించడానికి కాదు, పొయ్యి చూపించడానికి. పడుకోబోయే ముందు నిప్పుకణికలు ఒక పక్కకి తీసి, బూడిద ఎంత మందాన కప్పాలో, తెల్లారి ఎలా ఊదాలో నేర్పింది. "ఇది ఆరిందని నేనెప్పుడూ వినలేదు. నీ హయాంలో వినబడనీయకు" అంది. అంతే, ఇంకో బుద్ధి చెప్పలేదు. ఒక్తావ్ పోయిన రోజున ఇల్లంతా జనం, నాకు ఒంటిమీద స్పృహ లేదు. అందరూ వెళ్ళాక చూస్తే నా చేతులకి బూడిద అంటుకుని ఉంది. ఎప్పుడు లేచానో, ఎప్పుడు కప్పానో తెలియదు. పిల్లలు లేని దాన్ని. నేను పెంచింది ఏదైనా ఉంటే అదొక్కటే.

మీరు చెంచాతో గోడ గీకుతుంటే మీ ముఖం చూశాను. పండగనాటి పిల్లాడిలా ఉన్నారు. అందుకే చెంచా వంగినా కోప్పడలేదు. కానీ ఆ గదిలో నిప్పార్పి, తాళం వేసి, బయట పలక తగిలించి, దాన్ని కాపాడాం అంటారా? నాకు కప్పు వద్దు. మీ జాబితాలోంచి మమ్మల్ని కొట్టేయండి. హాలు కూలితే కూలనివ్వండి.

సిదోనీ

తా.క. అమ్మమ్మకి ఇంకా చెప్పలేదు. వందేళ్ళు కూడా నిండలేదని తెలిస్తే, ఇన్నాళ్ళూ ఒరిగింది వట్టి నటన అని ఊళ్ళో అందరూ అంటారు.


ఓరియాక్,
మే 1957

మదామ్ సిదోనీ గారికి,

మీ ఉత్తరం చదివాక మీకు జవాబు రాయలేదు. కమిషను దగ్గరికి వెళ్ళాను.

నిన్న సమావేశం. వాళ్ళు నిబంధన చదివారు. నేను లేచి, ఆ పొయ్యిలో నిప్పు ఉండి తీరాలి అన్నాను. అధ్యక్షుడు కళ్ళజోడు సర్దుకుని, "తూర్నాద్, పొగ రాతికి శత్రువని ఈ గదిలోనే మీరు ఎన్ని ఉపన్యాసాలు ఇవ్వలేదు?" అన్నాడు.

"ఇచ్చానండి. అప్పటికి నేను ఆ గదిలో భోంచేయలేదు" అన్నాను.

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నేను చూసింది చూసినట్టు చెప్పాను. ఆ కోటలో మనుషులు వదిలేసిన ప్రతి గదీ తేమకి పొట్టు రాలిపోతోంది. మనిషి ఉంటున్న ఒక్క గదే, అన్నిటికంటే పాతదై కూడా, గట్టిగా నిలబడింది. దాన్ని ఆరబెడుతున్నది ఆ నిప్పు. నిప్పార్పేసిన మర్నాటి నుంచీ మనం కాపాడేది గదిని కాదు, దాని శవాన్ని. "ఇంకేమైనా చెప్పాలా?" అన్నాడు అధ్యక్షుడు. "ఆవిడని అక్కణ్ణించి లేపితే నేనే వెళ్ళి గుమ్మానికి అడ్డంగా పడుకుంటాను" అన్నాను. అది మినిట్సులో రాయవద్దని అధ్యక్షుడు గుమాస్తాకి చెప్పాడు.

మొత్తానికి ఆర్డరు వచ్చింది. కప్పు పని జులైలో మొదలు. కోటలో నేటికి ఉన్నవి ఉన్నట్టే ఉంచాలి. కిటికీ, తలుపు, వంటిల్లు, ఏదీ ముట్టుకోరాదు. చివరి షరతు నేను కళ్ళు తుడుచుకుని రెండోసారి చదివాను. "సదరు పొయ్యిలో నిప్పు ఆరకుండా చూడవలెను." మదామ్, ఇకమీదట మీరు సూపు కాచుకోవడం ప్రభుత్వ ఉత్తర్వు.

నిప్పు ఉందో లేదో అప్పుడప్పుడు ఒక అధికారి వచ్చి చూడాలి. నేను ఈ నెలతో ఉద్యోగ విరమణ చేస్తున్నాను. నా స్థానంలో వచ్చే కుర్రవాడు సమర్థుడే కానీ క్యాబేజీ పడదట. ఆ సంగతి నన్ను కలతపెడుతోంది.

పైన చెప్పిన విషయానికి సంబంధించి ఒక మనవి. ప్రభుత్వం ఆ నిప్పుకి కాపలాదారుని నియమించలేదు. అయితే ఇంటి యజమానురాలు తన ఇష్టపూర్వకంగా ఎవరినైనా పెట్టుకుంటే కార్యాలయానికి అభ్యంతరం లేదు. అటువంటి ఒక మనిషిని నేనెరుగుదును. వయసు మీరినవాడు. కట్టెలు ఒక మోస్తరుగా మోయగలడు. బూడిద ఎంత మందాన కప్పాలో తెలియదు, చెబితే నేర్చుకుంటాడు. ఇంట్లో ఒక్కడే సూపు తాగుతూ, గిన్నె చప్పుడు వినలేక రేడియో పెట్టుకునే మనిషి. పరిశీలించగలరని ప్రార్థన.

మీ,
ఆన్సెల్మ్

తా.క. ఇది ఆఫీసు ఉత్తరం కాదు. నా దగ్గర వేరే కాగితం లేక ఆఫీసు కాగితం మీద రాశాను. అర్థం కాకపోతే, అర్థం కానట్టే జవాబు రాయండి. నేను నొచ్చుకోను.


షదెలాక్,
మే

ఆన్సెల్మ్ గారికి,

మొదట్నుంచీ మీరు రాసింది నాకూ, నేను రాసింది మీకూ సరిగ్గా అర్థమైన పాపాన పోలేదు. ఈసారి మాత్రం "ఒక మనవి" అన్నచోటే అర్థమైపోయింది. మిగతాది బాగుందని చదివాను. రెండుసార్లు చదివాను. తర్వాత ఫిర్మెన్‌కి చదివి వినిపించాను. వాడు, "అమ్మగారూ, ఆ కాపలాదారు ఆయనేనాండీ?" అన్నాడు. అవునన్నాను. "మరి ఆ ముక్క చెప్పడానికి అంత ప్రభుత్వం దేనికండీ?" అన్నాడు.

అయితే ఒక చిక్కు వచ్చిపడింది. మీరు ఏమీ అనకుండా వినాలి.

ఆ రోజు భోజనం అయ్యాక మీరు మీ కొలతలన్నీ ఎక్కించుకోవడానికి కూర్చున్నారు. వంటింట్లో వెలుతురు చాలక కాగితం పట్టుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళారు. గుమ్మంలో గాలికి కాగితాలు ఎగిరితే పక్కనున్న జున్ను గదిలోకి వెళ్ళారు. అక్కడ చీకటి. మళ్ళీ గుమ్మంలోకి వచ్చారు. మధ్యాహ్నమంతా అలా తిరుగుతూనే ఉన్నారు, పాపం, ఒక్క మాట అనలేదు. మీరు వెళ్ళిపోయాక నాకు ఆ తిరుగుడే కళ్ళలో మెదిలింది. ఈ మనిషి మళ్ళీ వస్తే ఎక్కడ కూర్చుని రాసుకుంటాడు అనిపించింది. వస్తారని మీరు చెప్పలేదు, రమ్మని నేను పిలవలేదు. అయినా మర్నాడు ఫిర్మెన్‌ని పిలిచి జున్ను గది తూర్పు గోడ చూపించాను. వాడు నా ముఖంలోకి చూసి, ఎందుకని అడక్కుండా సుత్తి తెచ్చుకున్నాడు.

తర్వాత మనిద్దరికీ వంటింటి మీద గొడవొచ్చింది. ఫిర్మెన్ వచ్చి, "ఆపేయమంటారాండీ?" అన్నాడు. కప్పు వద్దు, కొట్టేయండి అని మీకు ఉత్తరం రాస్తున్నాను అప్పుడు. రాస్తూ రాస్తూనే, "నువ్వు కొట్టు" అన్నాను.

మీ ఆర్డరుకి ముందు వారమే పని పూర్తయింది. కోటలో నేటికి ఉన్నవి ఉన్నట్టే ఉంచాలని కమిషను రాసింది కదా. ఉంది. ఇక దాన్ని మీరు కూడా పూడ్చలేరు. కింద రాయి వెడల్పుగా పెట్టించాను, సిరాబుడ్డికీ ఒక గ్లాసుకీ చోటుండాలని. పొద్దున్నుంచి వెలుతురే. దూరంగా కొండమీద ఆవులు కనిపిస్తాయి.

మీ కోటల చరిత్ర పుస్తకం అక్కడ కూర్చుని రాసుకోండి. షదెలాక్ కోటకి చివరగా చేర్చింది ఏదంటే ఆ కిటికీ అని రాయండి. ఏ శతాబ్దం, ఏ శైలి అని తడుముకోకండి. మీకోసం అని రాస్తే చాలు.

ఎదురుచూసే,
సిదోనీ

తా.క. ఆ రోజు వేసుకొచ్చిన నల్ల కోటు వేసుకురాకండి. సున్నం ఇంకా తడిగానే ఉంది, అంటుకుంటుంది.